కాజా లేని గుండీ

ఆ వీధిలో చెప్పిన రోజుకి బట్టలిచ్చే టైలర్ ఆయనొక్కడే. అందుకే అందరూ తారీఖు మాస్టారు అనేవారు. కూతురు ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా నాన్న దుకాణానికే ప్రోగ్రాం రాస్తోంది. కొలతలు ఒకసారి ఎక్కిస్తే చాలు, మనిషి మళ్ళీ రాకుండానే కుట్టేయొచ్చు.

"వెతికే భాగం ఇంకా అవ్వలేదు నాన్నా. నువ్వు ఎక్కిస్తూ ఉండు," అని మూడు నెలల కిందట చెప్పింది. ఆయన రెండు వేళ్ళతో ఒక్కో అంకె పొడుస్తూ, 'భద్రం' అని పచ్చటి అక్షరాలు వస్తే గానీ కత్తెర పట్టేవాడు కాదు. పాత కొలతల పుస్తకం కూడా మొత్తం ఎక్కించి, కాగితాలు చింపి గుండీల పొట్లాలు కట్టేశాడు.

ప్రాజెక్టు అప్పగించడానికి రెండు రోజులుందనగా వెతికే భాగం పూర్తయింది. పొద్దున్నే దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుంది.

"వ్యాన్ డ్రైవరు గుడ్డ పంపాడు. పోయిన నెల కొలతకే కుట్టమన్నాడు. తియ్యి తల్లీ, నీ చేత్తోనే బోణీ," అన్నాడు తండ్రి గుడ్డ పరుస్తూ.

పేరు కొట్టింది. లేదు. ఇంకో పేరు కొట్టింది. అదీ లేదు. మొత్తం చూపించమంది. సున్నా.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రివ్యూకి గైడు మేడమ్ "ముందు స్క్రీన్లు చూపించు, లోపలి పని తర్వాత" అంది. బటన్ నొక్కగానే పచ్చ అక్షరాలు వచ్చేలా మాత్రం రాసి, కొలతలు దాచే పని తర్వాత చూద్దామనుకుంది. ఆ తర్వాత అనేది రానేలేదు.

"ఏమంటోందమ్మా? డ్రైవరు పొట్ట అందులో పట్టలేదా?"

నవ్వలేకపోయింది. "ఒక్కటి కూడా దాచలేదు నాన్నా. ఆ అక్షరాలు ఊరికే వచ్చేవి."

సుద్దముక్క ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. "అంటే, కాజా కొయ్యకుండా గుండీ కుట్టావన్నమాట."

"ఊఁ."

"ఇప్పుడు కొయ్యలేవా?"

"కొయ్యగలను. లోపల పెట్టడానికేముంది? మేడమ్ నిజమైన కస్టమర్ల కొలతలే చూపించమంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "డ్రైవరు నడుము ముప్పై ఎనిమిదా, నలభయ్యా... ఇదివరకు నోటికి చెప్పేవాణ్ణి. కంప్యూటర్లో ఉందిలే అని గుర్తుపెట్టుకోవడం మానేశానమ్మా."

కాసేపటికి ఫోన్ తీశాడు. "డ్రైవరుగారూ, కొలతకి ఒకసారి రావాలి... అబ్బే, అమ్మాయి తప్పేం లేదు, నేనే ఏదో నొక్కి చెడగొట్టా... ఎల్లుండికా? తారీఖు చెప్పలేనండీ."

ఆ మాట ఆయన నోట వినడం ఆమెకదే మొదటిసారి. గుండీల డబ్బా ముందుకు లాక్కుని ఒక పొట్లం విప్పింది. నడుము ముప్పై రెండు, పొడవు ముప్పై తొమ్మిది అని నాన్న రాత. పేరున్న వైపు చిరిగిపోయింది.

రెండో పొట్లం విప్పింది.