మూత తీసిందెవరు?

పొద్దున్నే మేస్త్రి షెడ్డు షట్టరు ఎత్తి, నేల ఊడ్చి, పానాలన్నీ సైజువారీగా గుడ్డమీద పరుచుకుంటాడు. ఇంజను హెడ్డు ఊడదీసే రోజైతే ఇంకో పని కూడా ఉంటుంది. రేడియో కట్టేసి, బండి తాలూకు మనుషుల్ని తప్ప మిగతావాళ్ళని బయటికి పంపేస్తాడు. హెడ్డు లేపగానే ఇంజను మింగిన మాటలు బయటికొస్తాయి కదా. ఒకరింటి గొడవలు ఇంకొకరు వినడం ఏం మర్యాద?

ఆ రోజు వచ్చింది ఒక పాత ఫోర్‌వీల్ ట్రక్కు. కొండమీది ఇళ్ళకి సరుకులు మోసే బండి. బండి బావది, స్టీరింగు బావమరిదిది. ఇద్దరూ చెరో తలుపు తీసుకుని దిగి చెరో గోడకి ఆనుకున్నారు. వాళ్ళ మధ్య ఇరుక్కుని వచ్చిన ఆవిడ, ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క, ఎటు నిలబడాలో తెలియక గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

బావ అనుమానం అలాంటిలాంటిది కాదు. తన నీడ కాస్త ముందు నడిచినా ఎక్కడికని అడిగే రకం. ఎంత ఇంజనాయిల్ పోసినా తరిగిపోతోందంటే బావమరిది తీసి అమ్ముకుంటున్నట్టేనని ఖాయం చేసేసుకున్నాడు. ఇవాళ ఆ సంగతి తేలితే తాళంచెవి లాక్కుని ఇంట్లోంచి కూడా పంపేస్తానని భార్యకి చెప్పే బయల్దేరాడు. ఆ తమ్ముడు తప్ప ఆవిడకి పుట్టింటివాళ్ళు ఎవరూ లేరు.

మేస్త్రి బండి స్టార్టు చేసి రేసు చేశాడు. వెనక గొట్టంలోంచి నీలం పొగ వచ్చింది. ప్లగ్గులు ఊడదీసి, ఒక్కో రంధ్రానికీ ఒత్తిడి కొలిచే గేజీ బిగించి ఇంజను తిప్పితే ముల్లు సగం దాకా కూడా లేవలేదు. చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ తిప్పితే చక్కగా లేచింది. పిస్టన్ రింగులు అరిగిపోయాయని, ఆయిల్ పైకెక్కి మండిపోతోందని, దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదని మేస్త్రి చెప్పాడు.

బావ ముఖం చిన్నబోయింది. అయినా వదిలితేగా. రింగులు వాటంతటవే అరగవని, వీడు కొండెక్కేటప్పుడు బండిని చితకబాదుతున్నాడని అందుకున్నాడు. మేస్త్రికీ వీడికీ లోపాయికారీగా ఏదో ఉందన్నట్టు ఓ చూపు కూడా చూశాడు.

మేస్త్రి గాలి వెళ్ళే గొట్టంలో వేలు పెట్టి తిప్పి చూపించాడు. వేలికి పౌడరు అద్దినట్టు ఎర్రమట్టి అంటుకుంది. పైనున్న ఫిల్టరు డబ్బా మూతకి వెనకవైపు క్లిప్పు ఊడి వేలాడుతోంది. దుమ్ము తిని రింగులు అరిగాయి.

"ఈ మూత ఎవరో తీస్తున్నారు. సరిగ్గా వెయ్యట్లేదు," అన్నాడు మేస్త్రి.

"ఇంకెవరు, వీడే," అన్నాడు బావ.

"నేను దాని జోలికే పోలేదు బావా."

అక్క తమ్ముడి వంక చూసింది. ఇన్నాళ్ళూ నమ్మిన ఆవిడకి కూడా ఆ క్షణంలో అనుమానం తగిలింది. అతను అది కనిపెట్టాడు. బావ అనుమానం అలవాటైపోయింది గానీ, అక్క చూపు మాత్రం తట్టుకోలేకపోయాడు. తప్పు ఎవరిదని తేలినా సరే, ఇక ఈ ఊళ్ళో ఉండకూడదని అప్పుడే అనుకున్నాడు.

"ఎవరు తీశారో ఇంజనే చెప్తుంది. మూత వదులైతే దుమ్ముతోపాటు మాటలు కూడా లోపలికి పోతాయి," అంటూ మేస్త్రి బోల్టులు విప్పి హెడ్డు లేపాడు. మొదటి సిలిండరు గొంతు సవరించుకుంది.

"ఆయిల్ సీసా ఇందులోనే దాచుంటాడు, దొంగవెధవ."

అది బావ గొంతు. నిన్న లేకపోతే ఇవాళ పెట్టుంటాడని రెండోది అంది. మూడోదాంట్లోంచి డబ్బాలో చెయ్యి పెట్టి కెలుకుతున్న చప్పుడు, తిట్లు వచ్చాయి. ఆ గొంతు తనది కాదని, మేస్త్రే మిమిక్రీ చేయిస్తున్నాడని బావ కేకలేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయిల్ తరుగుతోందని రోజూ మూత తీసి వెతకడం, తీసిన చోటునుంచి దుమ్ము పోవడం, ఆ దుమ్ముకి ఇంకాస్త ఆయిల్ తరగడం. తన బండిని తనే అరగదీసుకున్నాడు పెద్దమనిషి.

నాలుగో సిలిండరులోంచి గొంతు బాగా తగ్గి వచ్చింది.

"ఈ వెనక క్లిప్పు ఎక్కడ చచ్చింది... ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదీ మసకబారుతోంది. వీడికి తెలిస్తే నన్ను లెక్కచేస్తాడా? బండీ ఇల్లూ వీడివైపోతాయి. నేనెందుకూ పనికిరాను."

బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచండీ?" అంది ఆవిడ. ఒకే ఇంట్లో ఉండి తనక్కూడా తెలియనందుకు ఆవిడకి ఏడుపొచ్చింది.

బావమరిదికి జాలికంటే ముందు కోపమే వచ్చింది. ఇన్నాళ్ళు దొంగ అనిపించుకున్నవాడికి రాదూ మరి? జేబులోంచి తాళంచెవి తీసి, బావని ఇటు తిప్పి, ఇదిగో తీసుకోమని పట్టుకున్నాడు. బావ చెయ్యి చాపాడు. తాళంచెవికి జానెడు పక్కకి చాపాడు.

బావమరిది ఆ చేతిని కాసేపు చూశాడు. తాళంచెవి మళ్ళీ తన జేబులోనే వేసుకున్నాడు.

"నీ ఇష్టం వచ్చినంతసేపు వెతుక్కో బావా. మూత మాత్రం నేను వేస్తాను."

"సరిగ్గా వేస్తావని ఏంటి నమ్మకం?" అన్నాడు బావ. చాపిన చెయ్యి దించి, "నువ్వు వేసేటప్పుడు నేను పక్కనే ఉంటాను," అన్నాడు.