ఒఫీలియా అడిగిన కిటికీలు

కొత్తగా కట్టే దుకాణమైనా, షెడ్డైనా గోడలు లేవకముందే ప్లాను పట్టుకుని మా దగ్గరికి వస్తే, కరెంటు తక్కువ కాలేలా దాన్ని దిద్దిపెట్టి, పైగా ఎదురు డబ్బివ్వడం మా కరెంటు కంపెనీ స్కీము. ఫ్రెస్నో ఊరి చుట్టుపక్కల ఆ పని నాది. కరెంటు అమ్ముకునేవాళ్ళు కరెంటు వాడొద్దని బతిమాలడమేమిటని మా మామగారు నన్ను ఏళ్ళ తరబడి ఆటపట్టించారు.

బెడ్రోసియన్ గారు ఎండు అంజీర్ పళ్ళు పెట్టెల్లో సర్దడానికి కొత్త షెడ్డు కట్టిస్తున్నప్పుడు, పళ్ళు ఏరే ఆడవాళ్ళకి పెద్దగా ఉన్న ఒఫీలియా దగ్గరికి వెళ్ళాను. ఇరవయ్యారేళ్ళుగా పాత రేకుల షెడ్డులో నిలబడి ఏరుతోందావిడ. కొత్తదాంట్లో ఏం కావాలో చెప్పమన్నాను.

"ఉత్తరం వైపు వరసగా కిటికీలు పెట్టించు నాయనా. ఆ వెలుతుర్లో చెడ్డ పండు ఇట్టే తెలిసిపోతుంది. లైట్ల కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. సాయంత్రానికి కళ్ళు మండిపోతాయి."

"పెద్దాయన ఒప్పుకుంటారా?"

"వట్టి పిసినారి మనిషే గానీ, నేనడిగితే మాత్రం కాదనడు."

నిజంగానే ఆయన కాదనలేదు. ప్లానులో తొమ్మిది కిటికీలు గీయించారు.

ఆ ప్లాను అనుమతి కోసం శుక్రవారం నగర కార్యాలయానికి వెళ్ళాలి. ఆ గడువు దాటితే మా స్కీములో చోటుండదు. బుధవారం లెక్క కడితే, స్కీముకి పది శాతం ఆదా రావలసింది తొమ్మిది శాతం దగ్గర ఆగింది; కిటికీల అద్దాల్లోంచి వేడి లోపలికొచ్చి ఏసీకి కరెంటు ఎక్కువ కాలుతుంది మరి. బయటి వెలుతురుని బట్టి లైట్లు వాటంతటవే తగ్గే ఏర్పాటు చేర్చితే గట్టెక్కేదేమో. ఆ లెక్కకి వారం పడుతుంది. కంప్యూటర్లో కిటికీలు చెరిపెయ్యడానికి నిమిషం చాలు. చెరిపేశాను. పది దాటింది. ఆ క్షణంలో నాకు ఆనందం కూడా కలిగింది, ఇప్పుడు సిగ్గేస్తుంది.

బెడ్రోసియన్ గారికి ఫోన్ చేసి, కిటికీలుంటే స్కీము రాదన్నాను.

"ఒఫీలియాకి మాటిచ్చానే."

"ఎందుకు తీసేశామో ఆవిడకి నేను చెబుతాను లెండి."

చెప్పలేదు. ఇవాళ, రేపు అంటూ ఉండగానే షెడ్డు కట్టడం పూర్తయిపోయింది.

మరుసటి ఏడాది తనిఖీకి వెళ్ళాను. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల హాయిగా ఉంది. ఒఫీలియా దీపాల కింద పండుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

"చల్లగానే ఉంది, ఆ మాట చెప్పాలి," అంది. "నా కిటికీలు ఎవరు తీయించారు నాయనా? నువ్వా, పెద్దాయనా? ఆయన్ని అడగడానికి మనసొప్పలేదు."

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా చేతులాపి నా వైపు చూశారు.

"ప్లాను ఎప్పుడూ ఓనరు గారి ఇష్టమేనండి," అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను," అని మళ్ళీ పనిలో పడింది. అందులో అబద్ధమేముంది, ప్లాను మీద సంతకం ఆయనదే కదా అని ఇంటిదాకా నాకు నేను సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను. అది పచ్చి అబద్ధం.

నెల తర్వాత స్కీము డబ్బు ఇప్పించే కాగితాల మీద సంతకం కోసం వెళ్తే బెడ్రోసియన్ గారు కాఫీ కాచి పోశారు. తన కప్పు ముట్టుకోలేదు.

"ఒఫీలియా మానేసిందయ్యా లైల్. పక్క ఊళ్ళో ఇంకెవరి దగ్గరో చేరిందట. ఇన్నేళ్ళు కలిసి పనిచేసి, వెళ్ళేటప్పుడు నా మొహం కూడా చూడలేదు. కిటికీల సంగతి నువ్వు చెప్పే ఉంటావుగా, కాబట్టి అది కాదు. మరి నేనేం తప్పు చేశానంటావు? నీతో ఏమైనా అందా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. నాకు తెలుసు.

"లేదండీ," అన్నాను. "వయసు మీద పడింది కదా, ఓపిక తగ్గి ఉంటుంది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, సంతకం ఎక్కడ చెయ్యాలో చూపించమన్నారు. చూపించాను.