మేయర్ మూపురం

మేయరుగారు పోయి ఏడాది తిరగకముందే ఆయన తలపెట్టినవన్నీ ఆయన దారే పట్టాయి. కూడలిలోని ఫౌంటెన్ ప్రారంభోత్సవం నాడు ట్యాంకరు నీళ్లతో ఎగిసింది. ట్యాంకరు వెళ్లాక మళ్లీ ఎగరలేదు. గ్రంథాలయానికి శంకుస్థాపన రాయి మిగిలింది గానీ గ్రంథాలయం రాలేదు. చెక్కుచెదరకుండా నిలిచింది ఒక్కటే, ఆయన ఇంటి ముందున్న స్పీడ్ బ్రేకర్.

"జనం ఇలా దూసుకుపోతుంటే మన గేటు మీద బోర్డు ఎవడికి కనబడుతుందే?" అని భార్య దగ్గర వాపోయి, ఫౌంటెన్‌కు తెచ్చి మిగిలిన సిమెంటుతో ఒక మధ్యాహ్నం దగ్గరుండి పోయించారు. ఆ రోజు ఇంజినీరు ఊళ్లో లేడు. "ఇంకాస్త ఎత్తు, ఇంకాస్త" అంటూ మేయరుగారే అరుగు మీంచి కొలత చెప్పారు. ఊరు దానికి మేయర్ మూపురం అని పేరు పెట్టింది. బస్సు దాన్ని ఎక్కి దిగినప్పుడల్లా లోపలివాళ్ల తలలు పైకప్పుకు కొట్టుకునేవి. "మేయరూ, నీ దుంపతెగ!" అన్న కేకలు వంటింటి దాకా వినబడేవి. అప్పట్లో ఆవిడ సిగ్గుపడి కిటికీ మూసేసేది.

ఇప్పుడు మూయడం లేదు. ఏ పనిలో ఉన్నా ఒక చెవి అటే పడేసి ఉంచుతోంది. ఇంట్లో ఆయన ఊసెత్తేవాళ్లే లేరు మరి. కొడుకు ఆయన గదిని స్కూటరుకు ఇచ్చేశాడు.

ఒక సాయంత్రం కొత్త మేయరు వచ్చాడు. పెద్దాయన చేయిపట్టి రాజకీయాల్లోకి తెచ్చిన మనిషే.

"పిన్నిగారూ, శుభవార్త! కొత్త పార్కుకు బాబాయిగారి పేరు పెడుతున్నాం. ఇత్తడి అక్షరాలు! రేపే ఈ మూపురం పీడ కూడా వదిలించేస్తాం. ఇక ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు."

ఆవిడ కిటికీలోంచి మూపురం వైపు చూసింది.

"పార్కెక్కడ నాయనా?"

"గోడౌన్ల వెనక. ప్రశాంతంగా ఉంటుంది."

"జనం వెళ్తారా?"

"దారి వేశాక వెళ్తారు."

"అయితే దానికి నీ పేరే పెట్టుకో. దీని జోలికి మాత్రం రాకు."

"జనం తిట్టిపోస్తున్నారు పిన్నీ!"

"పేరు పెట్టేగా తిడుతున్నారు! ఈ ఊళ్లో రోజూ ఆయన పేరెత్తేది ఆ బస్సువాళ్లే. నువ్వెత్తి ఎన్నాళ్లయింది?"

కొత్త మేయరు గడియారం చూసుకున్నాడు.

మర్నాడు మేస్త్రీ గునపాలతో వచ్చేసరికి ఆవిడ మూపురం మీద కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వెనక బస్సు ఆగింది.

"బామ్మగారూ, దారివ్వండి!" అన్నాడు కండక్టరు.

"పక్కనుంచి పోండి బాబూ. తిట్టుకుంటూనే పోండి, నేనేమీ అనుకోను."

బస్సంతా గొల్లున నవ్వింది. జనం పోగయ్యారని తెలిసి కొత్త మేయరు ఫోన్లోనే కాళ్లబేరానికి వచ్చాడు. మూపురం తీయొద్దని మేస్త్రీకి చెప్పాడు. ఆవిడ చేట చంకనపెట్టుకుని లేచింది.

మేస్త్రీ మంచివాడు. "పోనీలేమ్మా, పసుపు గీతలైనా వేసిపోతాం. దూరంనుంచే కనబడితే డ్రైవర్లు మెల్లగా దాటిస్తారు. ఎవరికీ కుదుపుండదు, అయ్యగారికి తిట్లూ ఉండవు," అన్నాడు.

ఆవిడ బస్సు వైపు చూసింది.

"ఆ రంగేదో పార్కుకు వేసుకోండి," అని మళ్లీ కుర్చీలో కూలబడి, చేట ఒళ్లో పెట్టుకుంది.