పటేలు చెయ్యి

చెమటకు తడిస్తె మందు పాడైతదేమో, నడుముకు కట్టుకుంటె నడుం చెమట, రుమాలుల చెక్కుకుంటె నెత్తి చెమట, చేతుల పట్టుకుంటె చెయ్యే అన్నిటికంటె ఎక్కువ చెమట, మరి ఎక్కడ వెట్టుకుంటరు దీన్ని అనుకుంట సిద్దిరాములు పటేలు ఎల్లారెడ్డి దవాఖాన కాడికెల్లి ఊరి బాట వట్టిండు, పొద్దు ఇంక బారెడు గూడ ఎక్కలేదు గని అంగి ఈపుకు అంటుకపోయింది, ఇది ఎండ చెమట గాదు, భయం చెమట, ఆ సంగతి ఆయనకూ ఎరికే, ఎరికుండే ఎండను తిట్టుకుంట నడుస్తుండు, డాక్టరు సాబు ఎంత అల్కగ చెప్పిండు, బొక్కెనెడు నీళ్ళల్ల ఈ ఎర్రమందు కలిపి బాయిల గుమ్మరియ్యి, నీళ్ళు ఎర్రగైతయి, ఎరుపు ఇరిగేదాక ఎవ్వరు తాగొద్దు, ఇరిగినంక ముందు నువ్వు తాగి చూపెట్టు పటేల్ సాబ్, ఊరు నిన్ను చూసి తాగుతది అని, గంతే, గదే పని అన్నట్టు, ఊరు నన్ను చూసి తాగుతదా, నిన్న మాపటికి చావడికాడ ఊరు నన్ను చూసిన చూపు నువ్వు చూడలే సాబ్, చూసి ఉంటె ఈ పొట్లం నా చేతుల వెట్టకపోదువు, మైసన్న పీనుగ కాలి ఇంక బూడిద చల్లారలేదు, కామారెడ్డి టేషనుకు బెల్లం బండి తోలుకపోయిన మనిషి గత్తర తెచ్చుకున్నడు, పొద్దుగూకంగ వాంతి మొదలైంది, తెల్లారేసరికి కండ్లు లోపలికి పోయినయి, వాని బట్టలు బాయి గడ్డ మీదనే పిండిరి, ఆ బాయే ఊరందరు తాగేది, ఊరవతలి వాడోళ్ళ బాయి ఎండితె వాళ్ళకూ ఇక్కడ్నే చేది పోస్తున్నరు, ఇయ్యాల మైసన్న పెండ్లాం గంగామణి ఒళ్ళె దాని చిన్నబిడ్డ పడున్నది, అదే రోగం, అదే కండ్లు, అయినా ఊరంత ఒక్కటే మాట, బాయిల మందు గిందు పోసేది లేదు, ముందు పోచమ్మకు పొట్టేలు పడాలె, అది నీ చెయ్యి మీదికెల్లే పడాలె, పడ్డంక నీ మందు పోసుకో, మేం తాగుతం, అప్పటిదాక బాయి దగ్గరికి వస్తె మర్యాద దక్కదు పటేలా అని, పటేలుకు మర్యాద దక్కదనే మాట ఆ చావడిల ఎవ్వడన్న ఎన్నడన్న అన్నడా.

ఆయన చెయ్యి మల్ల మెడకాడికి పోయింది, తుల్సిమాల ఉన్నది, యాడికి పోతది, అయినా తడుముకున్నడు, పొద్దటిసంది ఎన్నిసార్లు తడుముకున్నడో, దొంగలున్న బాటల మూట తడుముకునేటోని లెక్క, ఊరు పుట్టినకాంచి పోచమ్మకు ఇచ్చే పొట్టేలు మీద పసుపునీళ్ళు పోసేది పటేలు చెయ్యే, నీళ్ళు పడ్డంక అది ఒళ్ళు విదిలిస్తె అమ్మ ఒప్పుకున్నట్టు, అప్పుడు పటేలు దాని నడుం మీద చెయ్యి వెట్టి ఇది ఊరిది తల్లీ అని అప్పజెప్పాలె, కోసేటోడు వేరే, తినేటోళ్ళు వేరే, అప్పజెప్పేది మాత్రం పటేలు, తాత అప్పజెప్పిండు, బాపు అప్పజెప్పిండు, బాపు కాలం చేసిన ఏడు తను అప్పజెప్పిండు, ఆ దినం ఇంటికొచ్చి కంచం ముంగట కూసుంటె కూర నోట్లెకు పోలే, పెండ్లాం సుభద్రమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తీసి పొయ్యిల వేసింది, దిష్టి గాదు, కడుపుల ఏదో ఇరిగింది, దెగ్లూరు దిక్కు బజనోళ్ళు తాళాలు కొట్టుకుంట ఎల్లారెడ్డి మీదికెల్లి పోతుంటె వాళ్ళెంట నడిచి నడిచి పండరి పోయిండు, కాళ్ళు పుండ్లయినయి, చంద్రభాగల మునిగి మాల వేయించుకున్నడు, జీవాన్ని చంప, తిన, చంపుటానికి చెయ్యి వెట్ట అని దేవుని ముంగట అన్నడు, ఎంత సల్లగుండె పానం ఆ దినం, పుట్టి బుద్ధెరిగినకాంచి అంత సల్లగ ఎన్నడు లేదు, ఆ సల్లదనం ఊరందరికి వస్తె ఎంత బాగుండు అనుకున్నడు, తప్పా అది, వచ్చి చావడిల కర్ర నేలకు తాటిచ్చి, ఇగ ఈ ఊళ్ళె అమ్మకు నెత్తురు లేదు, గుమ్మడికాయ కొట్టుండ్రి అన్నడు, ఒక్కడు నోరు తెరిస్తె ఒట్టు, రెండేండ్లు గుమ్మడికాయే కొట్టిరి, కామారెడ్డిల బజన కూడినప్పుడు పెద్దలు మెడల పూలదండ వేసి, ఒక్క మనిషి మారుడు చూసినం గని ఊరికి ఊరే మారుడు నీ కాడనే చూసినం అన్నరు, ఆ మాటకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, ఇప్పుడు ఆ పెద్దలకు ఏ మొఖం చూపెట్టాలె, మాల మెడల వేసుకోని పొట్టేలు మీద చెయ్యి వెట్టిండంట అని అనరా, అంటరు, అననియ్యి, అననిస్తె మరి పండరిల ఇచ్చిన మాట.

పొద్దుగాల ఠాణా గేటుదాక గూడ పోయిండు, అమీను సాబుతోని ఒక్క మాట చెప్తె ఇద్దరు జవాన్లు వస్తరు, బాయి చుట్టు నిలవడతరు, మందు పోసుడు ఎంత సేపు, ఊరోళ్ళు లాఠీ చూసి అటే ఉంటరు, మేలుకే గద కొట్టేది, పిల్లగాండ్లకు మందు ముక్కు మూసి పొయ్యరా, గేటు పట్టుకున్నడు గూడ, అప్పుడు గుర్తుకొచ్చింది, జవాన్లు ఊళ్ళెకు వస్తె ముందు కోడి అడుగుతరు, కోడి కొయ్యంది ఏ జవాను అన్నం ముట్టిండు, మాల వేసుకున్న పటేలు పొట్టేలు తప్పిచ్చుకునేటందుకు కోళ్ళు కోయించిండు అంటె నవ్వుతరా ఏడుస్తరా, ఆయనకే నవ్వొచ్చింది, నవ్వుకుంటనే గేటు ఇడిచి మర్లిండు, అది మంచితనమని కొద్ది దూరం అనుకున్నడు, మంచితనం గాదు, కోళ్ళ భయం, ముందు నుయ్యి ఎనుక గొయ్యి అంటరు గని ఇక్కడ నుయ్యి నిజంగనే ఉన్నది, అండ్ల గత్తర ఉన్నది, గంగామణి బిడ్డ చస్తె ఆ పాపం ఎవ్వనిది, పొట్టేలు పాపం పెద్దదా పసిదాని పాపం పెద్దదా, దేవుడు తక్కెడ పట్టుకోని కూసుంటడా, తన అమ్మమ్మగారి ఊరు నిజాంసాగరు నీళ్ళల్ల మునుగుతుంటె మామోళ్ళు పోచమ్మ రాయిని బండ్ల వేసుకోని కొత్త జాగకు వచ్చిరి, ఒక్క గుడిసె లేవకముందే అమ్మకు యాట కోసిరి, తమకు నీడ లేదు ముందు ఆమెకు నెత్తురా అని ఆనాడు తను కోపం చేసిండు, ఇల్లు మునిగిన మనిషికి ఏం గావాల్నో తనకేం ఎరికె, ఎరికె లేని దాని మీద ఎంత కోపం చేసిండు.

వాగు కాడ సుభద్రమ్మ నిలవడి ఉన్నది, ఆమెను చూడంగనే గంగామణి బిడ్డ పోయిందా అన్నడు, లేదు, ఉన్నది, నీళ్ళు పోస్తె నిలుస్తలేవు, పొట్టేలును తెచ్చి గుడికాడ కట్టేసిండ్రు, ఊరంత అక్కడ్నే ఉన్నది, నీ కోసమే చూస్తుండ్రు అన్నది, అని మొఖం వంచి కాళ్ళ బొటనవేలుతోని ఇసుక గీరుకుంట నిలవడ్డది, ఏదో చెప్పాలని చెప్పలేనప్పుడు ఆమె గట్లనే నిలవడతది, ఏందో చెప్పు అన్నడు, పోయినేడు నీకు జరం వచ్చి సోయి తప్పినప్పుడు పోచమ్మకు కోడి మొక్కుకున్న, బీబీపేటల మా అక్కోళ్ళ ఇంటికి పోయి కోయించిన, నీకు చెప్పలే అన్నది, ఆయనకు ముందు సమజ్ గాలే, కోడి, బీబీపేట, అక్కోళ్ళు, అక్క నడుం నొప్పి అని పోయి నాలుగొద్దులుండి వచ్చింది గదా, వచ్చినంక తన కాళ్ళకు పసుపు రాసి దండం వెట్టింది, ప్రేమ అనుకున్నడు, ఎందుకు చెప్పలే అన్నడు, చెప్తె నువ్వు ఊకుంటవా అన్నది ఆమె, అని, నేనొక్కదాన్నే గాదు, రాజయ్య మహమ్మద్‌నగర్ల బావమరిది ఇంటికాడ చేసిండు, హన్మవ్వ తల్లిగారింటికి పోయి చేసింది, మైసన్న బతికున్నప్పుడు బండ్లనే యాటను కట్టుకపోయిండు, బెల్లం బుట్టల నడుమ, అందరు చేసిండ్రు, ఊళ్ళె చెయ్యలే, గంతే తేడా అన్నది, అందరా, అందరు, పోయినేడు ఆషాఢంల ఊరు ఊరే చుట్టాలిండ్లకు పోతుంటె, పంటలు మంచిగైనయి, జనం ఒకల ఇంటికి ఒకలు పోతున్నరు అని మురిసిండు గదా తను, ఎదురువడ్డోళ్ళు రుమాలు తీసి వంగి దండం వెడుతుంటె ఎంత మర్యాద అనుకున్నడు గదా, అందరి బండ్లల్ల యాటలు, అందరి నోట్లె అబద్ధం, తనకే ఎరికె లేదు, పూలదండ మాత్రం తన మెడలనే పడ్డది.

గుడి ముంగట పొట్టేలు యాపమండ నములుకుంట నిలవడ్డది, దానికేం ఎరికె, జనం రెండు పాయలై బాట ఇచ్చిండ్రు, పోచమ్మకు దీపం వెట్టే కుమ్మరి మంగవ్వ పసుపునీళ్ళ ముంత పట్టుకోని దగ్గరికొచ్చి చెవుల పడేటట్టు మెల్లగ, మాల తీసి ఆ గూట్లె వెట్టు పటేలా, పని అయినంక మల్ల వేసుకుందువు, ఎవ్వరేమనరు అన్నది, ముసలమ్మ పానం మంచిది, తొవ్వ చూపెడుతుంది, తీస్తె అయిపాయె, దేవునికి గూట్లె కండ్లు కనవడయా, తియ్య అన్నడు, తియ్య అంటె చెయ్య అన్నట్టే అనుకున్నరు జనం, గొనుగుడు లేచింది, ఆయన కర్ర ఎత్తవోయిండు, అలవాటు, ఊరు గొనిగితె కర్ర లేస్తది, సగం లేచిన కర్ర కిందికి దిగకముందే గంగామణి వచ్చి నిలవడ్డది, బిడ్డను ఎవ్వలకో అప్పజెప్పి వచ్చింది, జుట్టు ముడి లేదు, కండ్లల్ల నీళ్ళు గూడ లేవు, గుమ్మడికాయ కొట్టుమన్ననాడు మమ్ముల అడిగినవా పటేలా అన్నది, తిట్టినట్టు గాదు, నిజంగ ఎరికె లేక అడిగినట్టు అడిగింది, సిద్దిరాములు జవాబు కోసం ఎతికిండు, మీ మేలుకే గదా, జీవహింస గదా, దేవుడు ఒక్కడే గదా, అన్ని మాటలు వచ్చినయి, నోటిదాక వచ్చి నిలవడ్డయి, అడగలే అన్నడు, అప్పుడు అడగలే, ఇప్పుడు అడుగుతున్న, ఈ మందు బాయిల పొయ్యమంటరా వద్దంటరా అని రుమాలుల పొట్లం తీసి చెయ్యి చాపిండు, రాజయ్య ముందు పొట్టేలు అన్నడు, ఎనుకకెల్లి నలుగురు అవునన్నరు, గంగామణి వాళ్ళ దిక్కు చూడలే, తే అన్నది, పొట్లం తీసుకోని కొంగుల వెట్టుకోని బాయి దిక్కు నడిచింది, పీనుగ లేసిన ఇంటి మనిషికి అడ్డం పోయేటందుకు ఎవ్వనికి కాళ్ళు రాలే.

బాయి గిలక కిర్రుమన్నది, బొక్కెన దిగుతుంది, అయిపాయె గద, మందు పడుతుంది, ఇగ ఎవ్వరు తనను ఏం అడగలేరు, బేరం తెగిపోయింది, మాల ఉన్నది, మాట ఉన్నది, ఇప్పుడు ఎనుకకు మర్లి ఇంటికి పోవచ్చు, కాళ్ళు మర్లవోయినయి గూడ, మంగవ్వ ముంత పట్టుకోని గట్లనే నిలవడ్డది, పొమ్మనలే, రమ్మనలే, అమ్మ పొట్టేలును నువ్వే ఆపినవు, నువ్వే ఇడువాలె, ఇంకొకల చెయ్యితోని తెగేది గాదిది అని మాత్రం అన్నది, ఆయన ఊరి దిక్కు చూసిండు, నిజంగ చూసిండు, రాజయ్య చూపు తన మొఖం మీద లేదు, హన్మవ్వ చూపు లేదు, సుభద్రమ్మ చూపు గూడ లేదు, అందరి చూపు తన కుడిచేతి కర్ర మీదనే ఉన్నది, ఎటు లేస్తదో, ఎవ్వని మీద పడతదో అని, ఎప్పుడూ గట్లనే చూసిండ్రా, చావడిల గుమ్మడికాయ అన్ననాడు గూడ గట్లనే చూసిండ్రా, పండరికి పొయ్యేటప్పుడు తన కాళ్ళతోని తను నడిచిండు, ఎవ్వరు కొట్టలే, ఎవ్వరు గుంజుకపోలే, నచ్చి పోయిండు, అందుకే పానం సల్లవడ్డది, వీళ్ళ పానం ఒక్కనాడన్న సల్లవడ్డదా, చెంపల మీదికి నీళ్ళు కారినయి, కర్రను గుడి గోడకు ఆనిచ్చిండు, మాల మెడలనే ఉన్నది, ముంత అందుకోని పసుపునీళ్ళు పొట్టేలు ఈపు మీద పోసిండు, నడుం మీద చెయ్యి వెట్టి ఇది ఊరిది తల్లీ అన్నడు, నన్ను మన్నించు అని మెల్లగ అన్నడు, అమ్మనో పండరి దేవున్నో పొట్టేలునో ఎవ్వరినన్నడో ఆయనకే ఎరికె లేదు, అది ఒళ్ళు విదిలిచ్చిందో లేదో చూడలే, ఈ పాపం తనదే, తను మోస్తడు, కాదనడు, గని రెండేండ్ల సంది ఇంకొకటి మోస్తున్నడు, దాన్ని పున్నెం అనుకుంట మోసిండు, ఊరు మారలే, ఊరు దేవుని దిక్కు ఒక్క అడుగు గూడ ఎయ్యలే, పెండ్లాంతో సహా ఊరంత పోచమ్మకు కంటె తనకే ఎక్కువ భయపడ్డది.