టీచరు డబ్బాలో పావలా

నేను ఒక పావలాను. ఇప్పుడు నన్ను ఎవరూ పుచ్చుకోరు గానీ, చెల్లే రోజుల్లోనూ నన్ను నమ్మి పుచ్చుకున్నవాళ్లు తక్కువే. టంకశాలలో వేడివేడిగా అచ్చుపడి బయటికొచ్చిన నాటినుంచీ చూస్తున్నాను. కిళ్లీకొట్టువాడు గట్టుమీద కొట్టి మోగించేవాడు, బస్సు కండక్టరు దీపానికెత్తి తిప్పి చూసేవాడు. నకిలీ నాణెం చేసేది మనుషులే, అనుమానించేది మాత్రం నన్ను! అందుకే నేనూ ఎవర్నీ నమ్మడం మానేశాను.

భీమిలిలో ఒక చిన్న బడికి చేరాను. రెండో తరగతి చెప్పే కాంతం టీచరు నన్ను రేకుడబ్బాలో వేసుకుంది. అందులో మూడు పది పైసలు, కొన్ని ఐదు పైసలు, కాణీకి కొరగాని చిల్లర ఉండేవి. పావలాను నేనొక్కదాన్నే.

ఆ రోజు టీచరు నన్ను ఒక అరచేతిలో, రెండు పదులూ ఒక ఐదూ రెండో అరచేతిలో పెట్టి చూపించింది. పదిపైసలంటే పూరేకుల అంచుతో నాకంటే ఎంతో పెద్దవి. పిల్లలు ముక్కున వేలేసుకున్నారు.

"పెద్దదైతే ఎక్కువ కాదర్రా. రెండు పదులు, ఒక ఐదు కలిస్తే ఒక పావలా. ఎవరిచ్చినా, ఎక్కడిచ్చినా ఒకటే" అంది టీచరు.

ముందు వరసలో పైడితల్లి అనే పిల్ల రెప్ప వెయ్యకుండా వింటోంది. ఆ పిల్ల తల్లి సన్యాసమ్మ బడి బయటే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుంది. ముందటి వారం బుట్ట దగ్గర పైడి కూర్చున్నప్పుడు ఒక పెద్దమనిషి వచ్చి, రెండు పెద్ద పదులు ఇచ్చి ఒక చిన్న పావలా పట్టుకుపోయాడట. పిల్ల లాభమనుకుంది. తల్లి వీపు విమానం మోత మోగించింది. "ఈ పదులు నువ్వే ఉంచుకో. నా పావలా నాకు తెచ్చినాకే బుట్ట ముట్టు" అందట. ఆ పదులే తర్వాత నాతో చెప్పాయి.

ఇంటర్‌బెల్లులో గది ఖాళీ అయింది. పైడి డబ్బా మూత తీసింది. దొంగపిల్ల అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది మరి. కానీ ఆ పిల్ల ముందు తన రెండు పదులు వేసింది. ఐసు కొనుక్కోమని మేనమామ ఇచ్చిన ఐదు పైసలు కూడా వేసింది. ఆ తర్వాతే నన్ను తీసి గౌను జేబులో వేసుకుంది. చెప్పిన లెక్క చెప్పినట్టే చేసింది!

టీచరు వచ్చి చూస్తే పావలా లేదు. అందరి జేబులూ వెతికింది. పైడి జేబులో నేను దొరికాను.

"బదులెట్టీసినానండి. ఒట్టండి. నాను దొంగనేటండి?"

"దొరికాక అందరూ ఇదే అంటారు. మీ అమ్మను తీసుకురా. అందాకా బడికి రావద్దు."

పిల్ల మొహం తెల్లబోయింది. బుట్టా పోయింది, బడీ పోయింది. వెనక బల్లల పిల్లలు అప్పుడే "దొంగ, దొంగ" అని గొణగడం మొదలుపెట్టారు. నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

టీచరు నన్ను విసురుగా డబ్బాలో వేసి మూత పెట్టబోయి ఆగింది. మూడుండాల్సిన పదులు ఐదున్నాయి. వేలితో కదిపి చూసింది. ఐదు పైసలూ ఒకటి ఎక్కువే. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"తీసుకో అమ్మా. ఈ పావలా నీదే" అంటూ నన్ను ఇవ్వబోయింది.

పైడి చెయ్యి చాపలేదు. "నాకొద్దండి. నావి నాకిచ్చీండి."

టీచరు నన్ను మళ్లీ డబ్బాలో వేసి, రెండు పదులూ ఐదూ తీసి ఇచ్చింది. పిల్ల వాటిని పిడికిట్లో బిగించింది గానీ కదల్లేదు.

"ఇప్పుడు డబ్బా లెక్కెట్టుకోండి. అందరికీ ఇనపడేలా లెక్కెట్టండి. నానెల్లిపోనాక మల్లీ నా మీదకి రాకూడదు."

కాంతం టీచరు ఒక్కొక్క నాణేన్నీ పైకి తీసి లెక్కపెట్టింది. తరగతంతా విన్నది. ఆవిడ "సరిపోయింది" అన్నాకే ఆ ఏడేళ్ల పిల్ల వెనక్కి తిరిగింది. తల్లికి ఇవ్వాల్సిన పావలా లేకుండానే బుట్ట దగ్గరికి నడిచింది.