కుర్చీ కాలు

టక్. టక్. టక్. మూడు దెబ్బలు, ఒక అడుగు. మళ్ళీ మూడు దెబ్బలు, మళ్ళీ అడుగు. ఎడమ అరచెయ్యి ప్యానెల్ మీద ఆనించి, కుడిచేత్తో కర్రముక్క ఆడిస్తూ, పక్కింట్లో మొగుడూపెళ్ళాల తగువు వింటున్నవాడిలా తల ఓ పక్కకి వాల్చి నడుస్తున్నాడు చెవి మామ. పొద్దున ఏడింటికే చొక్కా వీపుకి అంటుకుపోయింది.

రెండు తెల్ల రేకుల మధ్య నురగ పోస్తారు. అది పొంగి, గట్టిపడి, రేకుల్ని పట్టుకుంటుంది. అదే ప్యానెల్. నాలుగు నిలబెట్టి పైన ఒకటి మూస్తే గది. బయట నిప్పులు కురిసినా లోపల చల్లదనం పోదు, కరెంటు సగానికి సగం ఆదా. కానీ నురగ ఒక్కోచోట సరిగా అంటుకోదు. లోపల డొల్ల మిగులుతుంది. పైకి చూస్తే పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూనే ఉంటుంది. వేడి మాత్రం ఆ డొల్ల దగ్గరే దొంగలా దూరిపోతుంది. ఆ డొల్లని చెవితో పట్టడమే మామ పని. గట్టి ప్యానెల్ మీద కొడితే మూటని తట్టినట్టు మూగగా ఉంటుంది. డొల్ల మీద కొడితే డబ్బా మూతలా పలుకుతుంది. ఇరవై రెండేళ్ళుగా వింటున్నాడు. ఎడమ చెవిని నురగ మిషను రొద ఎప్పుడో మింగేసింది. మిగిలిన కుడి చెవిని పసిబిడ్డలా చూసుకుంటాడు. ఇంట్లో ఆవిడ కేకలేస్తే మాత్రం ఎడమ చెవి అటు తిప్పుతాడు.

చేతిలో ఉన్నది కుర్చీ కాలు. చేరిన కొత్తలో, నిలబడి నిలబడి కాళ్ళు వాస్తున్నాయి, ఓ కుర్చీ ఇప్పించండని అడిగాడు. ఇదిగో అదిగో అన్నారు. ఓ రోజు ఆఫీసులో కుర్చీ విరిగితే ముక్కలు బయట పారేశారు. అందులో ఒక కాలు తెచ్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ కంపెనీలో ఆయనకి దక్కిన కుర్చీ అంతే! కాలి చివర మేకు ఒకటి పొడుచుకొచ్చి ఉండేది. పీకితే కర్ర చీలుతుందని దాని మీద గుడ్డ చుట్టి దారంతో కట్టాడు. రేకు మీద గీత పడకూడదు మరి. గీత పడితే ప్రాణం పోయినట్టే అక్కడ. లోపల డొల్ల ఉన్నా సరుకు బయటికి పోతుంది. పైన వెంట్రుకవాసి గీత ఉంటే కొన్నవాడు తిప్పి పంపేస్తాడు. అందుకే కంపెనీ ఓ రూలు పెట్టింది. గీత ఉన్న ప్యానెల్‌ని ఎవడు ఎత్తితే ఆ గీత వాడిదే, నష్టం వాడి జీతంలోంచే. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాళ్ళెవరూ గీత కనపడితే చస్తే ముట్టుకోరు.

"అయిందా పెద్దాయనా? నలభై. అన్నీ ఓకేనా?" క్వాలిటీ సారు ఫైలు ఊపుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఏసీ గదిలోంచి వచ్చినవాడి మొహం, ఇంకా వాడని సబ్బులా ఉంది.

"ఇప్పుడెలా చెప్తాను సార్. చల్లటివేళ డొల్ల నోరు మూసుకుంటుంది. లోపలి గాలి వేడెక్కి రేకుని పైకి తన్నాలి. మధ్యాహ్నం ఎండలో కొడితే అప్పుడు కక్కుతుంది నిజం."

"మళ్ళీ మొదలు. రూలు మారి ఏడాదైంది. టెస్టు పొద్దున ఏడింటికి. కాగితం మీద ఏడు అని ఉందా లేదా?"

"కాగితానికేం సార్, అది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది."

ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చున్న అల్లుడు కిసుక్కున నవ్వాడు. అందరూ ఈయన్ని మామా అంటారు కాబట్టి వాడు తనకి తానే అల్లుడైపోయాడు. "పిల్లనివ్వకుండానే ఇన్నేళ్ళుగా మామవి, నీ అంత తెలివైనోడు లేడు మామా" అని రోజూ ఒకసారైనా అంటాడు. మామ నవ్వుతాడు. నవ్వి, ఎందుకో పక్కకి చూస్తాడు.

సారు నవ్వలేదు. "మీకు చెవి ఉంది, నాకు డేటా ఉంది. మూడింటికి లారీ. ఇది ఆసుపత్రి ఆర్డరు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. బయట ఎంత ఎండ కాసినా లోపల ఒక్క డిగ్రీ కూడా మారకూడదట. కంపెనీకి ఎంత పేరో తెలుసా?"

మామ చేతిలో కర్ర ఆగింది. "నెలలు నిండని పిల్లలా?"

"ఆ. ఏం?"

"అందుకే సార్ అడుగుతున్నా. ఒక్క పూట ఎండలో ఉంచండి. మధ్యాహ్నం ఒకసారి కొట్టి చెప్తాను."

"మధ్యాహ్నం మీరు అందులో ఓ పది పనికిరావని కొట్టేస్తారు. లారీలో నేనెక్కనా?" సారు సంతకం పెట్టి, ఆ సంతకాన్నే కాసేపు ముచ్చటగా చూసుకుని, వెళ్ళిపోయాడు.

పోయిన నెల ఇలాగే మధ్యాహ్నం ఎండలో కొట్టి చూసి తొమ్మిది ప్యానెళ్ళ మీద సుద్దతో ఇంటూలు పెట్టాడు మామ. సాయంత్రం చూస్తే ఒక్కటీ లేదు. తడి స్పాంజితో తుడిపించేశారు. తొమ్మిదీ లారీ ఎక్కాయి. మామ గేటు దగ్గర నిలబడి చూశాడు గానీ నోరెత్తలేదు. ఆ సాయంత్రం ఆయన్ని వదల్లేదు.

పది దాటేసరికి షెడ్డు పొయ్యి అయింది. ఇక్కడో మాట అడగాలి, ఎవర్ని అడగాలో తెలియకపోయినా! ఎండని ఆపే గోడలు పుట్టే చోట పైకప్పు వట్టి రేకు! రోజుకి వంద ప్యానెళ్ళు బయటికి పోతాయి, అందులో ఒక్కటి, ఒకే ఒక్కటి, తయారుచేసే మనుషుల నెత్తి మీదకి రాలేదు. కార్ల షెడ్డుకి వేశారు. సారు కారు సీటు కాలకూడదు కదా! మనుషులకి మాత్రం మజ్జిగ పాకెట్లు ఇస్తామని నోటీసు పెట్టారు. పాకెట్లు రాలేదు, నోటీసు మాత్రం ఎండకి పసుపెక్కి అక్కడే ఉంది.

మామ ఇల్లూ అంతే. రేకు గది, ముప్పై ఏళ్ళుగా అదే. వేసవి మొదలైతే ఆవిడ బక్కెట్టుతో కప్పు మీద నీళ్ళు చల్లుతుంది. నీళ్ళు సుయ్‌మంటాయి. "ఊరందరికీ చల్లటి గోడలు మీవే, మనకేమో పెనం" అని ఈ పొద్దున కూడా అంది. తర్వాత అన్నం డబ్బా పక్కన తడి తువ్వాలు మడిచి పెట్టింది. "నెత్తిన వేసుకోండి. మీ బట్టతలకీ పెనానికీ తేడా లేదు."

"వేసుకుంటే చెవి మూసుకుంటుందే."

"ఆ చెవి తినిపిస్తుందా, తాగిస్తుందా?"

"తినిపిస్తోందిగా, ఇరవై రెండేళ్ళ నుంచీ."

ఆ గదిలోనే వాళ్ళకో ఆడపిల్ల పుట్టింది. ఏడో నెలకే తొందరపడి వచ్చేసింది. అరచేతిలో పట్టేంత. ఆసుపత్రిలో ఖాళీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండన్నారు. వేసవి. ఆవిడ విసురుతూనే ఉంది, ఆయన కప్పు మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. మూడు రోజులు. పేరు కూడా పెట్టలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ప్యానెళ్ళ కంపెనీలో పని ఉందని ఎవరో చెప్పగానే, జీతమెంతని అడక్కుండా చేరిపోయాడు మామ. అదెందుకో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఒంటిగంటకి బెల్లు మోగింది. ముప్పావుగంట భోజనం. అందరూ గోడ నీడకి పరిగెత్తారు. మామ డబ్బా బల్ల మీదే పెట్టి పెరట్లోకి నడిచాడు. లారీ కోసం నలభై ప్యానెళ్ళూ స్టాండ్లలో ఎడంఎడంగా, కడిగి ఆరబెట్టిన పళ్ళేల్లా నిలబడి ఉన్నాయి. తెల్ల రేకు మీద ఎండ పడి కళ్ళకి చీకట్లు కమ్మాయి.

"ఓ మామా! తిండి తినవా?" నీడలోంచి అల్లుడు అరిచాడు.

"వస్తున్నారా."

"బట్టతల మీద ఆమ్లెట్ వేసుకుంటావా ఏంటి?"

మామ చెయ్యి ఊపాడు. టక్. టక్. టక్. మొదటి నాలుగూ గట్టివి. అయిదోదాని నడుమ దగ్గర కర్ర పడగానే డబ్‌మంది. పొద్దున అక్కడే మూడుసార్లు కొట్టాడు, అప్పుడది పెదవి విప్పలేదు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. తీసి దాన్ని చూశాడు. తడి స్పాంజి గుర్తొచ్చింది.

సుద్ద మళ్ళీ జేబులో వేశాడు. కుర్చీ కాలు తలకిందులు చేసి, దారం పళ్ళతో తెంపి, గుడ్డ విప్పాడు. మేకు తుప్పు పట్టి ఉంది, మొన మాత్రం అలాగే ఉంది.

ఇరవై రెండేళ్ళు ఒక్క ప్యానెల్ మీద గోటి గీత పడనివ్వని మనిషి, రెండు చేతులా కర్ర పట్టుకుని, ఈ చివర నించి ఆ చివరకి గీశాడు. రంగు లేచి కింద లోహం మెరిసింది. మళ్ళీ అడ్డంగా గీశాడు. పెద్ద ఇంటూ. ఏ స్పాంజికీ పోదు! గుండె దడదడలాడింది. భయమో, ఎండో, సంతోషమో. పద్దెనిమిదోది. డబ్. ఇంటూ. ఇరవై రెండు, ఇరవై మూడు జంటగా దొరికాయి. చెమట ఆగిపోయింది. ఒళ్ళు పొడిగా, కాగితంలా అయిపోయింది. అది మంచిది కాదని ఆయనకి తెలుసు, పోయినేడు మిషను దగ్గర పడిపోయినతనికీ ముందు చెమటే ఆగింది. అయినా లెక్క తప్పకుండా నడిచాడు. మూడు దెబ్బలు, ఒక అడుగు. ముప్పై ఒకటి. ముప్పై ఆరు. ముప్పై తొమ్మిది.

నలభయ్యోది గట్టిది. నిండుగా, మూగగా, ఎంత చక్కగా పలికిందో! దాని వెనక సన్నటి నీడ ఉంది. ప్యానెల్‌కి ఆనకూడదని రూలు. మామ కూర్చుని ఆనాడు. ఇటువైపు రేకు, నిజంగానే చల్లగా ఉంది. కుడి చెవి దానికి ఆనించాడు.

రెండున్నరకి ఫోర్క్‌లిఫ్ట్‌తో వచ్చిన అల్లుడు, మామ ఏదో వింటున్నాడనుకుని బండి ఆపు చేశాడు. చప్పుడైతే తిడతాడని. కాసేపు ఆగాడు. "మామా, అయిందా?" అన్నాడు. మళ్ళీ అన్నాడు. తర్వాత దిగి పరిగెత్తాడు.

సారు వచ్చాడు. ముందు మనిషిని చూశాడు, ఒక్క క్షణం. తర్వాత ప్యానెళ్ళని చాలాసేపు చూశాడు. "ఏడు! ఏడింటి మీద గీశాడు!" అన్నాడు. అంబులెన్సు గేటు దాటకముందే, "సరే, రంగేసి ఎత్తెయ్. లారీ వెయిటింగు" అన్నాడు.

అల్లుడు బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "గీతలున్న సరుకు ఎవడెత్తితే గీత వాడిదే సార్. మీ రూలే కదా. నేనెత్తను."

"నువ్వు కాకపోతే ఇంకొకడు."

ఇంకొకడూ ఎత్తలేదు. ఆ పూట షెడ్డులో ఎవడికీ చెయ్యి రాలేదు. ముప్పై మూడు ప్యానెళ్ళే లారీ ఎక్కాయి. ఏడూ ఇంటూలతో ఎండలో నిలబడ్డాయి.

భోజనం వేళ పోయాడు కాబట్టి పనిలో పోయినట్టు కాదని ఆఫీసులో రాశారు. పని వేళ కొట్టనివ్వకపోతే కదా భోజనం వేళ కొట్టింది! అది ఏ కాగితంలోనూ లేదు.

సాయంత్రం ఆవిడ గేటు దగ్గరికి వచ్చింది. డబ్బా ఇచ్చారు, మూత తియ్యలేదు. తువ్వాలు ఎండి అట్టలా అయింది. దాన్ని విప్పి మళ్ళీ మడిచింది.

"నెత్తిన వేసుకోలేదు కదూ?"

"లేదత్తా" అన్నాడు అల్లుడు. తల ఎత్తలేదు.

"వేసుకోరు. ఆ ఎండలోకి దేనికెళ్ళారు అసలు?"

"పిల్లల వార్డుకి పోయే గోడలత్తా. నెలలు నిండని పిల్లలకి. అందులో ఏడు డొల్లవి. పోనివ్వలేదు."

ఆవిడ తువ్వాలు డబ్బా మీద వేసింది. "ఏడూ ఆగాయా?" అంది.

"ఆగాయత్తా."

తలూపింది. ఆ కర్ర కూడా ఇవ్వమని అడిగింది. గేటు మనిషి పుస్తకం తిరగేసి, కుదరదమ్మా, కుర్చీ కంపెనీ సొత్తు అన్నాడు. చీటీ మీద "విరిగిన కుర్చీ భాగం, ఒకటి" అని రాసి, దారంతో కట్టి, కిటికీ గట్టు మీద పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది ఆ కుర్చీ కాలు. పట్టుకున్నచోట నున్నగా అరిగి, గుడ్డ లేని మేకు మొనకి తెల్లరంగు పొడి అంటుకుని.