నిమిషం ముప్పై రెండు సెకన్లు

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. కీ తిప్పితే నడిచే పాతకాలపు రకం. సెకనులో అయిదో వంతును కూడా వదలనని నా పెట్టె మీద అచ్చు వేశారు. అది నమ్మి, పెద్ద పెద్ద పోటీలకు పోతానని కలలు కన్నాను. తీరా చూస్తే రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆటల గదిలో తేలాను. మొదటి మూడేళ్ళు క్యాంటీన్ వాళ్ళు కోడిగుడ్లు ఉడకబెట్టడానికి నన్ను అరువు తీసుకునేవారు. గుడ్ల విషయంలో నాకు మంచి పేరే వచ్చింది.

తర్వాత ఈత కోచ్ జోగారావు మాస్టారి మెడలో పడ్డాను. కాలేజీకి స్విమ్మింగ్ పూల్ ఉంది గానీ అందులో దూకేవాళ్ళే కరువు. బాగా ఈదేవాళ్ళను చెన్నై, హైదరాబాదు కాలేజీలు ముందే ఎగరేసుకుపోయేవి. మిగిలినవాళ్ళ ఇళ్ళకు మాస్టారు బండి మీద వెళ్తే, ఈతతో ఉద్యోగం వస్తుందా అని తండ్రులూ, ఆ క్లోరిన్ నీళ్ళకు ఒళ్ళు నల్లబడదు కదా అని తల్లులూ అడిగేవారు. ఆయన సమాధానాలు వెతుక్కుంటుంటే నేను మెడలో ఊరికే ఊగుతుండేదాన్ని.

ఆ ఏడు ప్రిన్సిపాల్ కామేశ్వరి గారు తేల్చి చెప్పేశారు. యూనివర్సిటీ రిలే పోటీకి నలుగురమ్మాయిలు కావాలి, మాస్టారి దగ్గర ముగ్గురే ఉన్నారు. నాలుగో అమ్మాయి దొరక్కపోతే పూల్ పూడ్చి బస్సులు నిలుపుకుంటారు. దొరికినా, వంద మీటర్లు నిమిషం ఇరవై సెకన్లలోపు ఈదితేనే ఫీజు లేని సీటు.

ఒకరోజు ధవళేశ్వరం కాలువ గట్టున మాస్టారు టీ తాగుతుంటే, ఒకమ్మాయి కొట్టుకుపోతున్న బాతు కోసం నీళ్ళలోకి దూకింది. ఈతలో బాతే ఓడిపోయి ఆమె చేతికి చిక్కింది. ఆమె పేరు నూకరత్నం. ఇంటర్ అయిపోయింది, సోమవారం నుంచి రొయ్యలు వలిచే షెడ్డులో పని. మాస్టారు గట్టు మీద అడుగులతో వంద మీటర్లు కొలిచి ఆమెను ఈదమన్నారు. నిమిషం ఎనిమిది సెకన్లు! మాస్టారు నన్ను ముద్దు పెట్టుకున్నారు. నా అంతటి గడియారం లేదనుకున్నాను. సీటు వచ్చేసినట్టేనని నమ్మి, కూతురు పనిలోకి రాదని ఆమె తండ్రి ఆ సాయంత్రమే షెడ్డు మేస్త్రీకి చెప్పేశాడు.

ప్రిన్సిపాల్ గారు పూల్ పక్కన కుర్చీ వేయించుకుని పరీక్షకు కూర్చున్నారు. నూకరత్నం దూకింది. నిమిషం ఇరవై దాటింది, ముప్పై కూడా దాటింది. ముప్పై రెండు దగ్గర ఆమె చెయ్యి గోడకు తగిలింది.

“ఇక్కడ నీళ్ళు కదలట్లేదండి, మాస్టారండి,” అంది రొప్పుతూ.

అప్పుడు వెలిగింది మాస్టారికీ నాకూ. ఆ రోజు ఆమె వాలుకు ఈదింది. సెకనులో అయిదో వంతు పట్టే నేను ఏకంగా కాలువ ప్రవాహాన్నే వదిలేశాను. షెడ్డులో ఆమె చోటికి అప్పటికే ఇంకొకరు వచ్చేశారు.

ప్రిన్సిపాల్ గారు నా కోసం చెయ్యి చాపారు. ఒక్క మీట నొక్కితే ముల్లు సున్నాకు పోతుంది, ఆపైన ఏ అంకె చెప్పినా చెల్లుతుంది. నాకు నోరుంటే ఆ పూట అబద్ధమాడేదాన్ని, సిగ్గు లేకుండా. మాస్టారు మాత్రం మీట ముట్టకుండా నన్ను ఆవిడ చేతిలో పెట్టారు.

“తప్పు నాది మేడమ్, అమ్మాయిది కాదు. నిమిషం ఇరవైలోపు ఈదేవాళ్ళు మన గడప తొక్కరండి. తొక్కినవాళ్ళ చేత అలా ఈదించడానికే కదండీ మీరు నాకు జీతమిచ్చేది.”

ఆవిడ నా ముల్లు చూసి, నన్ను మాస్టారికి తిరిగి ఇచ్చేశారు. తర్వాత, రేపు సర్టిఫికెట్లు తెచ్చుకోమని నూకరత్నంతో చెప్పి లేచారు.

రిలేలో మావాళ్ళు అయిదో స్థానంలో వచ్చారు. జట్లూ అయిదే. అయినా పూల్ నిలిచింది. మూడో ఏట నూకరత్నం నిమిషం పద్నాలుగులో ఈదింది. ఆ ఘనత కొలిచే భాగ్యం కొత్తగా కొన్న డిజిటల్ వాచీకి దక్కింది, నాకు కాదు.

ఇప్పుడు నేను అడ్మిషన్ల గదిలో గాజు బీరువాలో ఉంటున్నాను. వేరే కాలేజీలు కప్పులు పెట్టుకునే చోటు అది. మా దగ్గర కప్పులు లేవు కాబట్టి చోటుకు కొదవ లేదు. పరీక్ష రోజు ఆగిన నా ముల్లును మాస్టారు సున్నాకు పోనివ్వలేదు.

మొన్న జూన్‌లో ఒక తల్లి కూతురితో వచ్చి, నా ముందు ఆగి, ఇది ఎవరి రికార్డని అడిగింది. ఇప్పుడిక్కడే కోచ్‌గా ఉన్న నూకరత్నం, తనదేనని చెప్పి, మీ అమ్మాయిది ఎంత అని అడిగింది.

“నిమిషం నలభై అండి. రెండు కాలేజీల వాళ్ళు వద్దన్నారు,” అంది ఆ తల్లి తల దించుకుని.

“నాకంటే ఎనిమిది సెకన్లేగా ఎక్కువ. పూల్ ఇటుందండి, రండి.”